అరవై రెండు అని పలికిన వారం

మా పరుగు బృందంలో ఒక పద్ధతి ఉంది. పొద్దున మంచం దిగకముందే ఎవరి నాడి వాళ్ళు నిమిషం పాటు లెక్కపెట్టుకుని, ఆ అంకెను వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. దాని కిందే వాళ్ళ జోడీ అదే అంకెను మళ్ళీ కొట్టాలి. ఈ రెండో ముక్క మా కెప్టెన్ గారు పెట్టింది. ఆయన రైళ్ళు నడిపి రిటైరైన మనిషి. సిగ్నల్ కనబడగానే డ్రైవరు దాని రంగు పైకి చెబుతాడట. పక్కనున్న అసిస్టెంటు తానూ చూసి, అదే రంగు తిరిగి పలుకుతాడట. ఒక కన్ను పొరబడితే రెండో కన్ను పట్టుకుంటుందని.

మొదటి రోజే నేను దీనిమీద వాదానికి దిగాను. సిగ్నల్ ఇద్దరికీ కనబడుతుంది, నా నాడి నా జోడీకి కనబడదు, మరి ఆమె ఏం చూసి పలకాలి అన్నాను.

"ముప్పై ఏళ్ళు అట్టా పలికే బతికాం మేడమ్. మీకేం పోయింది?" అన్నారాయన.

అది సమాధానం కాదు. గెలిచాననుకుని ఊరుకున్నాను.

రోజూ వచ్చేదానికంటే ఎనిమిది ఎక్కువ వస్తే ఆ రోజు పరుగు లేదు. నాకు రోజూ వచ్చేది అరవై రెండు.

నా జోడీ పటమటలో భర్తతో కలిసి చేపల కొట్టు నడుపుతుంది. పుట్టిల్లు, అత్తిల్లు రెండూ నాగాయలంక వైపే. నాకంటే పదేళ్ళు చిన్న. గ్రూపులో మిగతా ఆడవాళ్ళెవరూ నాకు జోడీగా ఉండటానికి ఒప్పుకోలేదు. పరిగెత్తేటప్పుడు కూడా వాదిస్తానట. ఈమె మాత్రం, "పొద్దస్తమానం బేరాలతోనేగా అక్కా నాకు. మీరెంత వాదించినా నా చెవుల్లోకి పోదు" అని ఒప్పుకుంది.

జనవరిలో నలభై రెండు కిలోమీటర్ల పరుగు. ఇద్దరికీ అదే మొదటిది. దానికి ముందు ఒక్కసారైనా ముప్పై పరిగెత్తినవాళ్ళనే కెప్టెన్ గారు ఫుల్‌కు పంపుతారు. లేనివాళ్ళకు సగమే. ఆ ముప్పై పరుగు ఆదివారం తెల్లవారుజామున, కృష్ణ కరకట్ట మీద, యనమలకుదురు నుంచి పదిహేను పోయి పదిహేను రావడం. కట్ట మీద కుక్కలు, ఇసుక లారీలు ఉంటాయి కాబట్టి జోడీ లేకుండా ఎవరినీ వదలరు.

ఆదివారం అంటే చేపల కొట్టుకు ఊపిరాడని రోజు. నా జోడీ మూడు వారాలు బతిమాలి, నాగాయలంక నుంచి ఆడబిడ్డను ఒకే ఒక్క ఆదివారానికి రప్పించుకుంది. కాబట్టి ఆ ఆదివారం నేను రాకపోతే ఆగిపోయేది నా ముప్పై ఒక్కటే కాదు. ఆమెకు వేరే ఆదివారం లేదు.

ఆ వారం సోమవారం లేచేసరికి గొంతులో గరగర. నాడి డెబ్బై ఒకటి. తొమ్మిది ఎక్కువ. మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ అంతే. గ్రూపులో 62 అని పెట్టాను. అర నిమిషంలో దాని కింద 62 అని ఆమె పలికింది. ఇందులో పెద్ద ఆలోచనేమీ లేదు. ఒక్కటి తేడాలో రూలు దాటింది, రేపటికి సర్దుకుంటుంది, ఆ అమ్మాయిని ఇప్పుడే కంగారుపెట్టడం ఎందుకు అనుకున్నాను. అప్పటికి నా దగ్గర కారణాలు బాగానే ఉన్నాయి. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద నుంచి ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తి వచ్చి, వేడినీళ్ళు పుక్కిలించి కాలేజీకి వెళ్ళాను.

నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మంగళవారం ల్యాబ్. లోలకం ప్రయోగం చేసిన ఒక పిల్ల రికార్డు తెచ్చింది. ఆరు రీడింగులూ ఒకటే, దశాంశం కూడా కదల్లేదు.

"ఇవి ఎవరి దగ్గర చూసి రాశావు?"

"లేదు మేడమ్, నిజంగా అట్టాగే వచ్చినయ్యండి."

"ఇరవై రెండేళ్ళుగా ఈ బల్ల మీద ఎవరికీ అట్టా రాలేదమ్మా. నీ ఒక్కదాని దగ్గరే భూమి అంత మర్యాదగా ఎందుకుంది?"

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వింది, పాపం. ఎర్ర పెన్నుతో పేజీ మొత్తం కొట్టేసి, నిజం రీడింగ్ అటూ ఇటూ కదులుతుంది, కదలనిది ఇంట్లో కూర్చుని రాసింది అని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను.

బుధవారం డెబ్బై ఆరు వచ్చింది. గ్రూపులో 63 అని పెట్టాను. రోజూ అరవై రెండే పెడితే అనుమానం వస్తుంది. పిల్లలకు తెలియని కిటుకు టీచరుకు తెలుసు.

అది పెడుతుండగా మా ఆయన చూశాడు. ఆయనకు ఆటోనగర్‌లో రేడియేటర్ల షాపు. ఫజర్ నమాజుకు లేచి, తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఎంతొచ్చింది?"

"డెబ్బై ఆరు."

"ఫోన్లో అరవై మూడు కొడుతున్నావు."

"కళ్ళద్దాలు లేకపోయినా మీకు బాగానే కనబడుతోందే."

"మా షాపుకు ఒక లారీ డ్రైవరు వచ్చేవాడు. హీట్ మీటర్లో ముల్లు ఎర్రగీత దాటుతోంది, చూస్తే భయమేస్తోంది, దాని వైరు పీకెయ్యమన్నాడు."

"పీకారా?"

"పీకాను. వాడి బండి, వాడిష్టం."

"మరి నా జోలికి ఎందుకొస్తున్నారు?"

"నేనెక్కడొచ్చాను? ఏదో గుర్తొచ్చి చెప్పాను" అని వజూకు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాడు. పెళ్ళయిన పాతికేళ్ళలో ఆయన నాతో వాదన పూర్తి చేసింది లేదు. మధ్యలో లేచి నమాజుకో షాపుకో పోతాడు. ఇది చాలా అన్యాయమైన పద్ధతి.

గురువారం వేగం పెంచి పరిగెత్తే రోజు. నాలుగు రౌండ్లు పరిగెత్తి ఐదోదానికి షూ లేసు కట్టుకునే నెపంతో కూర్చుండిపోయాను.

"గొంతేందక్కా, అట్టా ఉంది?" అంది నా జోడీ.

"నిన్న నాలుగు క్లాసులు చెప్పాను."

"నోటికి కొంచెం సెలవియ్యండి. ఆదివారానికి కాళ్ళుంటే చాలు మనకి."

అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఆమె ఎదురుగానే ఉంది, ఇంకా మూడు రోజులు టైముంది, కెప్టెన్ గారిని అడిగి ఆమెకు వేరే జోడీని చూసే వీలుంది. కానీ అప్పటికే నాలుగు రోజుల అబద్ధం వెనకాల ఉంది. ఆదివారం గురించి చెప్పాలంటే సోమవారం నుంచి చెప్పుకురావాలి.

శుక్రవారం విశ్రాంతి రోజు. జుమ్మాకు షాపు మూసి వచ్చిన మా ఆయన, అన్నం దగ్గర థర్మామీటర్ నా కంచం పక్కన పెట్టాడు. నూరు దాటింది. శనివారం జ్వరం బిళ్ళ వేసుకుని చూస్తే తొంభై ఎనిమిదికి దిగింది. ఆ తొంభై ఎనిమిదిని ఆయనకు చూపించాను. బిళ్ళ సంగతి చెప్పలేదు.

ఆదివారం తెల్లవారుజామున ఎనభై నాలుగు. 62 అని పెట్టాను. ఆమె 62 అంది.

మొదటి పదిహేను కిలోమీటర్ల గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. మంచు పట్టి ఉంది. కట్టకు ఒకవైపు అరటి, కంద తోటలు, రెండోవైపు కనబడని నది. ఆమె తన కొట్టు గురించి మాట్లాడుతూ పరిగెత్తింది. ఆడబిడ్డ కొరమీను నీళ్ళు కారేదాకా ఆగకుండా తూచేస్తుందట, బరువు తేడా వచ్చి ఖాతాదార్లు చేజారిపోతారట. నేను వాదించలేదు. అదొక్కటే ఆమె గమనించాల్సింది. పరుగు మోజులో ఆమె కూడా గమనించలేదు.

వెనక్కి తిరిగాక చలి మొదలైంది. ఒళ్ళంతా చెమట, పళ్ళు మాత్రం టకటకమంటున్నాయి. పందొమ్మిదో కిలోమీటరు దాటగానే తూము గట్టు ఒకటి కనబడితే దాని మీద కూర్చున్నాను. కూర్చుందామని నిర్ణయించుకున్నట్టు గుర్తులేదు.

ఆమె వెనక్కి వచ్చి నా మెడ మీద చెయ్యి పెట్టింది.

"ఒళ్ళు కాలిపోతందక్కా. పొద్దున ఎంతొచ్చింది మీకు?"

"ఎనభై నాలుగు."

"మరి అరవై రెండని పెట్టారు?"

నేను షూ లేసు వైపు వంగాను.

"సోమారం నుంచీ ఇంతేనా?"

"సోమవారం డెబ్బై ఒకటే."

ఆమె తన వాచీ వంక చూసుకుంది. ఇంకా పదకొండు. కాళ్ళు తాజాగానే ఉన్నాయి ఆమెకు, నిలబడటంలోనే తెలుస్తోంది.

"నువ్వు వెళ్ళు, పదకొండేగా. నేను ఏదో ఒక ఆటో ఎక్కుతాను" అన్నాను.

"జ్వరంతో ఉన్న మనిషిని కట్ట మీద కూర్చోబెట్టి పోతారా ఎవరన్నా?" అని వాచీ బొత్తాం నొక్కింది. అది చిన్నగా కూసి ఆగిపోయింది.

ఆమె అరటిగెలల ట్రాలీ ఆటో ఒకదాన్ని ఆపింది. గెలల మధ్య చోటు చేసుకుని కూర్చున్నాం. డ్రైవరు తల వెనక్కి తిప్పి అడిగాడు.

"ఎక్కడికమ్మా?"

"యనమలకుదురు" అంది ఆమె.

"అక్కడ్నుంచేగా వచ్చారు. తెల్లారుజామున ఎదురొచ్చా మీకు. మళ్ళీ అక్కడికే పోయేదానికి ఇంతదూరం రావడం దేనికమ్మా?"

నాకు మామూలుగా ఇలాంటివాటికి జవాబు వెతుక్కోవాల్సిన పని ఉండదు. ఆ రోజు గెల పట్టుకుని కూర్చున్నాను. ఆమె ఇంకో వైపు చూస్తూ కూర్చుంది.

యనమలకుదురులో కెప్టెన్ గారు కాఫీ ఫ్లాస్కుతో నిలబడి ఉన్నారు. గెలల మధ్య నుంచి మేం దిగడం చూసి నాకు కాఫీ పోసిచ్చారు. తాగడం అయ్యాక పొద్దున నాడి ఎంత వచ్చిందని అడిగారు. చెప్పాను. ఆయన ఆమె వైపు తిరిగారు.

"అరవై రెండని పలికింది ఎవరు?"

"నేనేనండి."

"చూసి పలికావా?"

"అక్క చెప్పింది గదండి."

కెప్టెన్ గారు ఫ్లాస్కు మూత బిగించారు. "మొదటి రోజు మీరొకటి అడిగారు మేడమ్, ఏం చూసి పలకాలని. మనిషిని చూసి పలుకుతారండి. అదొక చెప్పాల్సిన సంగతని నాకు అనిపించలేదు."

నాకు హాఫ్ అన్నారు. ఆమె ముప్పై సంగతి, ఇంకో ఆదివారం కుదిరితే చూద్దామన్నారు. కుదరదని ముగ్గురికీ తెలుసు. ఆడబిడ్డ ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఐదు రోజులు మంచం మీదే ఉన్నాను. డాక్టరు వైరల్ జ్వరం అన్నాడు, పరుగు గురించి అడిగి తల అడ్డంగా ఊపాడు. రోజూ పొద్దున నిజం అంకె గ్రూపులో పెట్టేదాన్ని. 82. 79. 77. కింద ఎవరూ పలకలేదు. ఆమె తన అంకె తాను పెట్టేది. నేను దాన్ని పలికేదాన్ని. నా దాని కింద మాత్రం ఖాళీ. ఇరవై రెండేళ్ళుగా నేను కొట్టేసిన పేజీలన్నిటికంటే ఆ ఖాళీ ఎర్రగా ఉంది.

ఆరో రోజు కెప్టెన్ గారికి ఫోన్ చేశాను. ముప్పై పరుగు ఆదివారమే చేయాలని ఎక్కడ రాసి ఉంది అని అడిగాను. ఎక్కడా లేదన్నారు. శనివారం చేపల బేరం పలచగా ఉంటుంది, ఆ కొట్టు ఆమె భర్త ఒక్కడు చూసుకోగలడు అన్నాను. మరి జోడీ ఎవరన్నారు. నేనే, పై శనివారానికి జ్వరం పూర్తిగా పోతుంది, స్కూటర్ మీద వెనకాలే వస్తాను, కుక్కలకు మనుషులు ఇద్దరుంటే చాలు, ఇద్దరూ పరిగెత్తుతున్నారా లేదా అని అవి చూడవు అన్నాను. ఆయన సరేనన్నారు. "పలుకుడు మాత్రం తప్పదు మేడమ్" అన్నారు.

మర్నాడు సాయంత్రం కొట్టుకు వెళ్ళాను. ఆమె రాగండి ముక్కలు కొడుతోంది. తల ఎత్తి నన్ను చూసి, మళ్ళీ కత్తిపీట వైపు చూసింది.

"ఏం కావాలి మేడమ్?"

రెండేళ్ళలో ఆమె నన్ను మేడమ్ అనలేదు.

"పై శనివారం కావాలి" అని విషయం చెప్పాను. కాలేజీకి సెలవు పెట్టానని కూడా చెప్పాను. ఆమె ముక్కలు కడిగి, కవర్లో వేసి, కొనడానికి వచ్చిన ఆయనకు అందించి, అప్పుడు అంది.

"ఎన్నింటికి?"

"నాలుగున్నరకి. యనమలకుదురులోనే."

"సరే."

ఆ శనివారం ఆమె ముప్పై పూర్తి చేసింది. ఇరవై ఆరు దగ్గర పిక్క పట్టేస్తే కట్ట మీద కూర్చుని నన్నూ, కెప్టెన్ గారినీ, మారథాన్ కనిపెట్టినవాళ్ళనూ కలిపి తిట్టింది. తర్వాత లేచి పరిగెత్తింది. జనవరిలో ఆమె నలభై రెండు, నేను ఇరవై ఒకటి పరిగెత్తాం. అవి ఫోటోల్లో ఉన్నాయి. ఫోటోలో లేనిది ఆ శనివారం మొదలుపెట్టే ముందు జరిగింది.

నేను స్కూటర్ మీద నీళ్ళ సీసాలు సర్దుతున్నాను. పొద్దున నా అంకె గ్రూపులో పెట్టాను, 66. దాని కింద ఎప్పటిలాగే ఖాళీ. ఆమె వచ్చి చెయ్యి చాపింది. నాకు అర్థం కాలేదు.

"చెయ్యి ఇటివ్వండి."

ఇచ్చాను. మణికట్టు దగ్గర వెతికి, మూడు వేళ్ళతో గట్టిగా పట్టుకుంది. నిన్నటి చేపల వాసన ఆ వేళ్ళకు ఇంకా ఉంది. రెండో చేతి వాచీ వైపు చూస్తూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయవచ్చు, నేను పిల్లలకు అదే చెబుతాను. ఆమె నిమిషమంతా లెక్కపెట్టింది. స్కూటర్ దిగి నిలబడ్డ మనిషికి మంచం మీద వచ్చిన అంకె రాదు, కొంచెం ఎక్కువే వస్తుంది. ఆ మాట చెప్పబోయి ఊరుకున్నాను.

"డెబ్బై రెండు" అంది చెయ్యి వదిలి.

"డెబ్బై రెండు" అన్నాను.

ఆమె వాచీ నొక్కి కట్ట ఎక్కింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"బండి నా వెనకాలే పోనీయండి. పొగ నా మొహాన కొట్టకుండా."

అక్కా అనలేదు, మేడమ్ అనీ అనలేదు. స్కూటర్ స్టార్ట్ చేసి, ఆమె వెనకాలే పోనిచ్చాను.