నేను వదిలిన ఒకే ఒక్క వార్త

ఐదేళ్లుగా ఒక మనిషి నన్ను మంచివాడని నలుగురిలో చెబుతున్నాడు. విన్న ప్రతిసారీ ఆ మాటను మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి, మీతో చెప్పేస్తున్నాను.

మాది గాజువాక వైపు కిరాణా కొట్టు. ఎదురుగా సూరిబాబు సైకిల్ షాపు. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ వేసవిలోనే ఉక్కు ఫ్యాక్టరీ అమ్మేస్తారన్న గొడవా నడుస్తోంది. సూరిబాబు షాపు ముందు ఒక నల్లబల్ల పెట్టాడు. ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీ ఉంది, ఫ్యాక్టరీ కార్మికుల దీక్షా శిబిరంలో నిన్న ఎవరేమన్నారు, అన్నీ సుద్దముక్కతో రాసేవాడు. కింద తన అభిప్రాయం ఒక్క ముక్క. జనం దూరదూరంగా నిలబడి చదివేవారు. తర్వాత నా కొట్టుకొచ్చి, నా పప్పు కొంటూ, వాడి మాటలు చెప్పుకునేవారు.

నేనూ ఒక బల్ల పెట్టాను. వాడిది మూడడుగులు, నాది ఐదు. సంపాదకీయంలా గంభీరంగా రాశాను. జనం దానికి బియ్యం సంచులు ఆనించుకున్నారు.

బేరంలో ఓడితే నాకు నవ్వొస్తుంది. ఇది అలా లేదు.  ఆ బల్లతో వాడు అమ్మేదేమీ లేదు కదా, మరి నేను ఓడిపోతున్నది దేంట్లో?

మా నాన్న నేర్పిన విద్య ఒకటుంది. ధర మనం చెబితే కొనేవాడు తగ్గిస్తాడు. వాడి నోటే చెప్పిస్తే ఇక దాన్ని వదలడు. ఒక ఉదయం పంచదార తూస్తూ, గొంతు తగ్గించి, ముగ్గుర్ని అడిగాను. "సూరిబాబుకి ఒంట్లో బాగోలేదంట గదా, మీరేటైనా విన్నారేటి?"

నేనేమీ చెప్పలేదు. అడిగానంతే. అలా అనుకునే చాలాకాలం రాత్రుళ్లు నిద్రపోగలిగాను.

మధ్యాహ్నానికి జనం నోళ్లలో వాడికి జ్వరం వచ్చేసింది. సాయంత్రానికి వాసన కూడా పోయింది. మర్నాడు షాపు ముందు బ్లీచింగ్ చల్లి, వెదురుకర్ర అడ్డం కట్టారు. శిబిరంవాళ్లు రావద్దన్నారు. వాడు పరీక్ష చేయించుకుని, ఏమీ లేదని వచ్చిన కాగితాన్ని ఆ బల్లకే అతికించాడు. చదివేంత దగ్గరకు ఎవరూ వెళ్లలేదు.

ఆ రోజుల్లో నేను వదిలిన ఒకే ఒక్క వార్త అది. దానికి బల్ల కూడా అక్కర్లేకపోయింది.

నాలుగో రోజు నేను కర్ర దాటి లోపలికి వెళ్లాను. జాలితోనా? కాదు. ఓడినవాడి మొహం దగ్గర్నుంచి చూడాలని. ఆ జబ్బు పుట్టింది నా నోట్లోనే కదా, నాకు భయమెందుకు?

"ఏటి బావా, నీకు బయం లేదేటి? మా బావమరిదే వీధి సివర్నుంచి సెయ్యూపి ఎల్లిపోతన్నాడు," అన్నాడు సూరిబాబు.

"బయమేటి బావా. టీ పొయ్యి."

వాడు టీ పోసి గ్లాసు నా ముందు పెట్టాడు. "ఎవడు పుట్టించినాడో ఏటో. నీ కొట్టుకి పదిమందొస్తారు, నీకేటైనా తెలిసిందేటి?"

"నాకేటి తెలుస్తాది బావా."

"పోన్లే. నువ్వొచ్చినావు. సాలు."

ఆ టీ తాగాను. తీపి ఎక్కువైందని వంక కూడా పెట్టాను.

వాడు మళ్లీ రాయలేదు. బల్ల తిరగేసి, పంక్చర్లు చూసే నీళ్లతొట్టికి మూత చేశాడు. ఇక జనం నా దగ్గరకే వస్తారనుకున్నాను. వచ్చారు. వచ్చి, "సూరిబాబు ఇంక రాయడేటి?" అని నన్నే అడిగారు.

ఇప్పటికీ పెళ్లిళ్లలో వాడు నా భుజం మీద చెయ్యేసి అంటాడు: "అందరూ పారిపోయినప్పుడు మా బావొక్కడే వొచ్చినాడు." నేను తల దించుకుంటాను. వినయమనుకుంటారు. వాడు చెప్పే ఆ బావంటే నాకు ఎంత కుళ్లో మీకెలా చెప్పను? వాడి పక్కన కూర్చునే అర్హత ఉన్నది ఆ మనిషికి, నాకు కాదు.

వాడి పేరు మార్చాను. నా పేరు రాయలేదు. కానీ ఇది అచ్చయ్యే పేపరు వాడు రోజూ చదువుతాడు. ఆ వారం కర్ర దాటి వెళ్లినవాడు ఒక్కడే. తెలిసిపోతుంది.

తెలియనివ్వండి.