స్లాబు ముక్క

కొయ్యూరు వెళ్లే బస్సులో ఒకామె నా పక్కన కూర్చుంది. ఒళ్లో తువ్వాలు మూట. బస్సంతా ఒకటే గోల: కొండ మీద ఊళ్లో కొత్త కమ్యూనిటీ హాలు కూలిపోయిందట, ఎవరో బాంబు పెట్టి పేల్చేశారట. తానే వీడియో చూశానని కండక్టరు ఒట్టేశాడు.

ఆమె మూట విప్పి చూపించింది. ఆ హాలు స్లాబు ముక్క.

"మా ఇంటాయనే బాంబెట్టాడని టేసన్‌కి పట్టుకుపోనారు బాబూ. బాంబైతే నల్లగా మాడదా? మీరే సూడండి."

మసి ఎక్కడా లేదు. అయినా మనసాగక గోటితో గట్టిగా గీకాను. సిమెంటన్నదే కలపనట్టు ఇసుక జలజలా రాలింది.

"నిజమేనమ్మా. ఇది దానంతటదే కూలింది" అన్నాను.

"ఏదీ, నన్నూ చూడనీ" అంటూ ముందు సీటాయన చెయ్యి చాచాడు.

ఆమె గబగబా మూట కట్టేసింది. "పొద్దున్న కొబ్బరికాయంత ఉండేది. అందరూ ఇలాగే గీకి, నిజమేనంటన్నారు. టేసన్లో ఎస్సై గారికి నానేటి సూపించను?"

ఆమె దిగిపోయేదాకా నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇప్పటికీ ఎవరైనా దేనికైనా రుజువేదని గట్టిగా అడిగితే, నా చూపు ముందు నా గోళ్ల మీదికే పోతుంది.