ప్రభుదాసు తిప్పని తూము

నిడమనూరు పక్క కాలువ తూములకు నీళ్లు వదిలే లస్కరు ప్రభుదాసు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఇన్నేళ్లలో ఆయన్ని తిట్టని రైతు లేడు. నీళ్లొస్తే దేవుడి దయ, రాకపోతే లస్కరు తప్పు. మన లోకం తీరే అంత. తిట్లు పడీ పడీ ఈయనకు చెవులు మొద్దుబారి ఉంటాయని ఆ కాలువ కింది రైతు గౌరయ్య అనుకునేవాడు.

ఆ సోమవారం నీళ్ల వంతు గౌరయ్యది. రెండెకరాల వరి పొట్టకొచ్చి ఉంది, నేల నెర్రెలు బారింది. ఇంకో మూడు రోజులు తడి తగలకపోతే కంకులన్నీ తాలే. పొద్దున్నే పోయి చూస్తే తన తూముకు తాళం వేసి ఉంది. నీళ్లు కిందికి, ప్రభుదాసు వాడకట్టు వాళ్ల పొలాల వైపు పారుతున్నాయి. గౌరయ్యకు ఒళ్లు మండిపోయింది. హోటల్ ముందు చాయ్ తాగుతున్న ప్రభుదాసు చెంప ఛెళ్లుమంది.

"నా నీళ్లు మీవోళ్లకు మళ్లిస్తవా?"

పదిమంది చూశారు. "ఇంకో చెంప గూడ సూపెట్టు ప్రభుదాసూ, మీ యేసయ్య గట్లనే చెప్పిండట గదా" అని ఒకడు నవ్వాడు కూడా. ప్రభుదాసు రెండో చెంపా చూపించలేదు, చెయ్యీ ఎత్తలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి సైకిలెక్కి వెళ్లిపోయాడు.

జరిగింది చెబితే గౌరయ్య భార్య సత్తెమ్మ తల పట్టుకుంది.

"నిన్న నువ్వు లేనప్పుడు ఇంటికొచ్చి చెప్పిపోయిండయ్యా! పైన నీళ్లు తగ్గినయట. ఈసారి చివరి పొలాలకు ముందిచ్చి, మనకు బుధారం ఇయ్యమన్నరట ఆఫీసోళ్లు. నేనే నీకు చెప్పుడు మరిసిన."

గౌరయ్యకు సిగ్గు కంటే ముందు భయం పట్టుకుంది, మనిషి కదా. తూము హ్యాండిల్ లస్కరు చేతిలో ఉంటుంది. ఒక్క చుట్టు తక్కువ తిప్పితే అడిగే నాథుడు లేడు. ఆ చోట తానే ఉంటే ఏం చేసేవాడో గౌరయ్యకు బాగా తెలుసు.

బుధవారం తెల్లారేసరికి తూము దగ్గర నిలబడ్డాడు. ప్రభుదాసు టైముకే వచ్చాడు. చెంప ఇంకా కొంచెం ఉబ్బే ఉంది. ప్రభుదాసు తాళం తీసి, హ్యాండిల్ బిగించి, దాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు కదల్లేదు. తర్వాత చెయ్యి తీసేశాడు.

"నువ్వే తిప్పు గౌరయ్యా. నీ వంతు మూడు చుట్లు."

"నేనా? లస్కరువు నువ్వు గదా?"

"నిన్ను క్షమించిన అని రెండు దినాల సంది ప్రార్థనల చెప్తున్న. నోరు చెప్తున్నది గాని చెయ్యి ఇంటలేదు. నాకింకా కోపమున్నది. నేను తిప్పితే రెండున్నర కాడనే ఆగుతదేమోనని నాకే భయమైతున్నది. నీ వరి ఎండొద్దు."

అని, కాలువలోకి దిగి, అటు తిరిగి, అడ్డం పడ్డ గుర్రపుడెక్క పీకడం మొదలుపెట్టాడు.

గౌరయ్య హ్యాండిల్ పట్టుకున్నాడు. కోపమే రాని మహాత్ముల గురించి ఎన్నో విన్నాడు. కోపం ఉండి, పగ తీర్చుకునే ఉపాయం చేతిలోనే ఉండి, తన చేతిని తానే నమ్మక, తనను కొట్టినవాడికే హ్యాండిల్ అప్పగించిన మనిషిని ఇప్పుడే చూశాడు. ఇంత పెద్ద మనిషా ఇన్నేళ్లుగా పాత సైకిల్ మీద తన ముందు నుంచే పోతున్నది!

ఒకటి. రెండు. మూడు. నీళ్లు గలగలా మడి వైపు పరుగెత్తాయి. నాలుగో చుట్టు తిప్పినా చూసేవాడు లేడు. అర చుట్టు ఎక్కువ కోసం ఏటా ఈయనతో పోట్లాడే గౌరయ్య చెయ్యి, హ్యాండిల్ మీద నుంచి దానంతటదే జారిపోయింది.

"మూడైనయ్ అన్నా," అన్నాడు. ఆ మనిషిని అన్నా అనడం అదే మొదలు. "జర సూడు."

ప్రభుదాసు వెనక్కి తిరగలేదు.

"సూసుడెందుకు? నువ్వు చెప్తున్నవ్ గదా."

గౌరయ్య గట్టు మీద కూలబడి, ఎవరైనా చూస్తారన్న సిగ్గు లేకుండా ఏడ్చాడు.