గోళ్లు లేని పిల్లి

మా ఆయన దుబాయి నుంచి సెలవు మీద వస్తూ అందరిలా టీవీ తేలేదు, పిల్లిని తెచ్చాడు. ఆయన డ్రైవరుగా పనిచేసిన ఇంటివాళ్లు వాళ్ల దేశం వెళ్లిపోతూ దాన్ని వదిలేశారట. సోఫాలు చీరుతోందని వాళ్లు ఎప్పుడో ఆపరేషన్ చేయించి ముందుకాళ్ల గోళ్లు తీయించారు. "గోళ్లు లేవు, కుక్కలొస్తే గోడ ఎక్కరాదు. ఇల్లు దాటనియ్యకు" అని నాకు అప్పజెప్పి, నెల తిరక్కుండానే మళ్లీ విమానం ఎక్కాడు. కోరుట్ల ఇంట్లో మిగిలింది మా అత్తమ్మ, నేను, ఆ తెల్లపిల్లి.

నేను సిరిసిల్లలో బట్టలు నేసే సాంచెల చప్పుడు మధ్య పెరిగినదాన్ని. మా వైపు పిల్లులు వాటి పని ఎక్కడో చూసుకుని వచ్చేవి. పిల్లికి ఒక టబ్బు పెట్టి, ఇసుక పోసి, పొద్దున లేచి పాత గరిటెతో ఎత్తిపోయడం నాకు ఒళ్లుమండే పని. దుబాయి నుంచి తెచ్చిన మెత్తటి ఇసుక ఉన్నన్నాళ్లు గొడవ లేదు. అది అయిపోయాక, పక్కన ఇల్లు కడుతున్న చోటి నుంచి తట్టెడు ఇసుక తెచ్చి పోశాను. ఇసుక ఇసుకే కదా అనుకున్నాను.

మూడో రోజు నుంచి పిల్లి టబ్బు అంచు దాకా పోయి, ఒక కాలు పెట్టి, దులుపుకుని వెనక్కి వచ్చేది. వచ్చి, అత్తమ్మా నేనూ బీడీలు చుట్టే ఆకు మీద ఉచ్చ పోసేది. తునికాకును నానబెట్టి తడిగుడ్డలో చుట్టి మూలకు పెట్టేవాళ్లం. మెత్తగా ఉందని సరిగ్గా అక్కడే కూర్చునేది. నోట్లో పెట్టుకునే బీడీకి ఆ ఆకు ఎలా వాడతాం? రెండుసార్లు కట్టకు కట్ట పారబోశాం.

"దీన్ని జగిత్యాల మార్కెట్ల ఇడిశిపెట్టి రా పిల్లా. ఇంకొక్కపారి పోసిందంటె నేనే బయట ఏస్త" అంది అత్తమ్మ. బయట వేయడమంటే మా వాడకట్టు కుక్కలకు వేయడమే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆమె నోటితో అంది, అంతే. చేత్తో చేసింది నేను. మెడ పట్టుకుని టబ్బులోకి ఒత్తేదాన్ని. ముక్కును ఆ కంపు గుడ్డకు రాసి, చీపురుకట్ట తిరగేసి కొట్టేదాన్ని. గోళ్లు లేవు, రక్కలేదు. అది తెలిసే కొట్టాను. టబ్బును ఫినాయిలుతో కడిగి, పిల్లిని దాంతోపాటు బాత్రూంలో పెట్టి గొళ్లెం వేశాను. ఎంతసేపైనా బిగబట్టి కూర్చుంది గాని ఇసుకలో దిగలేదు. చివరికి నేను విడిచిన చీర మీద పోసింది. మా ఆయన ఫోనులో అడిగితే, "అత్తమ్మకు దాని మీద మస్తు కోపమున్నది" అన్నాను. నా చీపురుకట్ట సంగతి ఎత్తలేదు.

అప్పుడు తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు. మార్కెట్లో వదలడానికి కాదు, డాక్టరుకు చూపిద్దామని పిల్లిని బుట్టలో పెట్టుకుని ఆటోలో జగిత్యాల బయల్దేరాను. దారిలో నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నవాళ్లు ఆపారు. పిల్లికి బాగలేదంటే నవ్వారు. "పోనీయుండ్రి, అది గూడ తెలంగాణదే" అన్నాడొకాయన. దుబాయిదని నేను చెప్పలేదు.

పశువుల దవాఖాన ముందు టెంటులో కూర్చున్న డాక్టరు లేచి వచ్చాడు. "సమ్మెల ఉన్నమమ్మా, చీటి రాయను. చూసి చెప్త" అన్నాడు. కడుపు ఒత్తి చూసి మూత్రం జబ్బేమీ లేదన్నాడు. ముందుకాలు పట్టుకుని వేలి కొస నొక్కగానే పిల్లి మూలిగింది.

"గోర్లు తీసుడంటె గోరొక్కటే కాదమ్మా. ఏలు కొసబొక్క, అంటె ఎముక గూడ కోస్తరు. తెగిన ఏళ్లతోటి గరుకు ఇసుకల నిలబడి ఎట్ల తవ్వుతది? నొప్పికి భయపడ్డది. కొడుతున్నరా?"

"లేదు సార్" అన్నాను.

ఆయన చెప్పినట్టే పాత టబ్బు పారేసి, అంచు తక్కువున్న వెడల్పాటి పళ్లెం తెచ్చాను. మెత్తటి మన్ను రెండు వేళ్ల మందాన పోసి, పిల్లి పడుకునే మంచం దగ్గరే పెట్టాను. మన్ను జల్లెడ పట్టింది అత్తమ్మే, తిట్టుకుంటూనే. ఫినాయిలు మానేశాను. రెండు పూటలా ఎత్తిపోశాను. ఆకు కట్టల్ని మూత ఉన్న డబ్బాలో దాచాను. ఎనిమిది రోజులకు పిల్లి పళ్లెంలోకి దిగింది. అత్తమ్మ బయట వేసే మాట మళ్లీ ఎత్తలేదు. అయితే నేను గదిలోకి వస్తే మాత్రం సగంలో లేచి మంచం కిందికి దూరేది. నేను వాకిట్లోకి పోయి నిలబడితేనే పని పూర్తి చేసుకునేది. నాకు సిగ్గుగా ఉండేది.

తరవాతి సెలవుకు మా ఆయన వచ్చాడు. నిమురుదామని చెయ్యెత్తగానే పిల్లి నేలకు అతుక్కుపోయి, ఉన్నచోటనే పోసుకుంది. ఆయన మొహం మాడిపోయింది. తల్లి వైపు తిరిగాడు.

"ఎందుకే అమ్మా, నోరులేని దాన్ని గిట్ల కొట్టినవు?"

అత్తమ్మ బీడీకి దారం చుడుతూ నా వైపు ఒక్కసారి చూసింది.

"ఆకు ఖరాబు జేస్తె కొట్టరా మరి" అంది.

నేను తడిసిన నేల తుడుస్తూ కూర్చున్నాను. ఆయన ఆ సెలవంతా ఆమెతో ముభావంగానే ఉన్నాడు, వెళ్లేటప్పుడు కూడా సరిగా చెప్పి వెళ్లలేదు. మళ్లీ సెలవు దొరికేలోగా అత్తమ్మ చనిపోయింది. కొట్టింది నేనని ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.