మేకు కింద నాణెం

మా మేస్త్రీ పోయారు. వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి, "బాబాయ్‌గారూ, నాన్నగారు పొద్దున్నే వెళ్లిపోయారండీ" అంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. వచ్చే నెల వచ్చి చూస్తానని ఆయనకు ఎన్నేళ్లుగా చెబుతున్నానో!

ఆయనది కోనసీమ, నాది కడప. కువైట్‌లో ఒకే కఫీల్ దగ్గర పని, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. మహబూలాలో సముద్రం ఒడ్డున ఆ కఫీల్‌కు ఒక ఇల్లుండేది. ఏ దేశంలో చూసొచ్చాడో, గోడల బయట ప్లాస్టిక్ పలకలు తొడిగించాడు. అవి పగలడం, మేం మార్చడం. మేకు బిగించి కొడితే ఎండకు పలక సాగలేక ఉబ్బుతుంది. అందుకే మేస్త్రీ మేకు తల కింద వంద ఫిల్సుల నాణెం పెట్టి కొట్టేవారు. లాగితే నాణెం జారి రావాలి. నేను కొడితే ఎప్పుడూ రాదు.

"ఎవరి మీద కోపంరా నీకు? దాన్ని కాస్త ఊపిరాడనివ్వు" అనేవారు.

"బిగించకుంటే ఊడిపోదా అన్నా?"

"పట్టుకోమన్నాను గానీ, పిసికెయ్యమన్నానేంట్రా!"

ఇరాక్ సైన్యం దిగిన వారంలోనే కఫీల్ తన దగ్గరున్న మా ఆరుగురు పనివాళ్ల పాస్‌పోర్టులు మేస్త్రీ చేతిలో పెట్టి, "ఖలాస్, యల్లా", ఇక అయిపోయింది, వెళ్లండి అని కారెక్కి వెళ్లిపోయాడు. సైనికులు ఇళ్లలో జొరబడి దొరికింది పట్టుకుపోతున్నారు. పాస్‌పోర్టులు పోతే మేం దేశం దాటలేం. మేస్త్రీ వాటిని కవర్లో చుట్టి, ముందు గోడకు ఒక పలక ఊడదీసి, దాని వెనక దాచారు. పలకకు తిరిగి మేకులు కొట్టింది నేను. భయంలో నాణెం సంగతే మరిచి, చావగొట్టాను.

మర్నాడు మధ్యాహ్నానికి గోడంతా చదునుగా ఉంటే ఆ ఒక్క పలక పూరీలా పొంగింది. దారిన పోయే సైనికుడొకడు ఆగి, తుపాకీ మొనతో దాన్ని తట్టాడు. మేస్త్రీ పలకలు ఊడదీసే కొక్కెం పట్టుకుని వచ్చి, వాడి ముందే నన్ను దులిపేశారు. "ఎన్నిసార్లు చెప్పాన్రా, చచ్చినోడా! అవి చేతులా, ఇనప గుండ్లా?" నాటకం అనుకునేరు, నిజం తిట్లే. తిడుతూనే పై పలక అంచును కొక్కెంతో పైకెత్తారు. కింది పలక మేకులు ఆ అంచు చాటునే ఉంటాయి, పలకను తీసే పనే లేదు. ఒక్కో మేకునూ కొంచెం వెనక్కి లాగి, నాణెం పెట్టి చూసుకున్నారు. పొంగు అణిగింది. తిట్లు అర్థం కాకపోయినా సైనికుడు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

దేశం దాటి అమ్మాన్ వెళ్లే బస్సులో మేస్త్రీ, గోడలోంచి తీసిన నా పాస్‌పోర్టుతో పాటు ఆ నాణెమూ ఇచ్చారు. "ఉంచుకో. నీ చేతికి కొలత తెలీదు." "తప్పయిపోయింది అన్నా, నా వల్ల అందరం పోయేవాళ్లం" అనే మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇన్నేళ్లు ఫోన్లలో వానలూ పిల్లలూ అన్నీ మాట్లాడుకున్నాం, ఆ ఒక్క ముక్క తప్ప. నాకేం మాయరోగం?

ఫోన్ పెట్టేశాక ఊరికే కూర్చోలేక, మా వరండాలో ఊగుతున్న ప్లాస్టిక్ పలక దగ్గరికి సుత్తి తీసుకుని వెళ్లాను. మేకు తల కింద ఆయనిచ్చిన నాణెం పెట్టి కొట్టాను. ఎన్ని దెబ్బలు వేశానో తెలియదు. లాగితే నాణెం రాలేదు. ఎవరి మీద కోపంరా అని అడిగే మనిషి లేరు. ఎండ ఎక్కుతోంది, నాణెం అక్కడే ఇరుక్కుని ఉంది.