మొగ్గ వేసిన మచ్చ

ల్యాబ్‌లో సూక్ష్మజీవుల్ని పెంచే ఇంక్యుబేటర్ తలుపు తీయగానే పులిసిన పిండి వాసన గుప్పుమంటే ఇప్పటికీ నాలో హుషారు పుడుతుంది. అది ఈస్ట్ అనే శిలీంధ్రం వాసన. దాన్ని నాకు పరిచయం చేసినవారు డాక్టర్ సత్యనారాయణ గారు, గుడివాడలో నేను ఉద్యోగంలో చేరిన ఆసుపత్రి ల్యాబ్‌కు పెద్ద. విశేషం ఏదైనా కనబడితే ఆయన కుర్చీలో కూర్చోలేకపోయేవారు.

మొదటి ఏడాదే నాగలక్ష్మి గారి రక్తం మా దగ్గరికి వచ్చింది. పెడనలో కలంకారీ అద్దకం పని ఆమెది. అక్యూట్ లుకేమియా. కీమోతో తెల్లకణాలు అడుగంటాయి, ఎన్ని యాంటీబయాటిక్స్ మార్చినా జ్వరం దిగడం లేదు. ఒక ఉదయం ఆమె రక్తం పోసి ఉంచిన కల్చర్ సీసాలో ఏదో పెరుగుతోందని మిషన్ కూసింది. స్లైడ్ వేసి చూస్తే అక్కడక్కడా ఊదారంగు గుండ్రటి మచ్చలు. రంగు మడ్డి కాబోలనుకుని, ఏమీ లేదని రాయబోయాను. సత్యనారాయణ గారు తనకొకసారి చూపించమన్నారు. మైక్రోస్కోపు మీదికి వంగి, స్లైడ్‌ను మెల్లగా జరుపుతూ చూశారు.

"ఆ అంచున చూడమ్మా, చిన్న మొగ్గ. మడ్డి మొగ్గ వేయదు."

చూశాను. ఒక కణం పక్కనుంచి మరో కణం పుట్టుకొస్తోంది. ఈస్ట్ పెరిగే తీరు అది. తెల్లకణాల్లేని మనిషి రక్తంలో ఇది ఉంటే ప్రతి గంటా విలువైనదేనని చెప్పి, ఆయన మరో స్లైడ్ వేయించారు. అందులోనూ అదే. వార్డుకు చెప్పమని ఫోన్ నా చేతికిచ్చారు. తప్పు రాయబోయినదాన్ని, నేనెలా చెప్పనని వెనకాడాను.

"ఇప్పుడు చూశావుగా, నువ్వే చెప్పాలి. బెడ్ నంబరు తర్వాత. ముందు మనిషి పేరు చెప్పు."

డాక్టర్లు వెంటనే శిలీంధ్రాల మందు మొదలుపెట్టి, ఈస్ట్ అంటుకుని ఉంటుందని ఛాతీలో పెట్టిన మందుల గొట్టం తీసేశారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి సీసా దగ్గరా మేమిద్దరం తచ్చాడేవాళ్లం. చివరికి వరసగా వచ్చిన సీసాల్లో ఏమీ పెరగలేదు. ఆయన ల్యాబంతటికీ టీలు తెప్పించారు.

జ్వరం తగ్గాక నన్ను వార్డుకు తీసుకెళ్లారు. తన రక్తంలో చేరింది ఎలా ఉంటుందని నాగలక్ష్మి గారు అడిగితే కాగితం మీద గీసి చూపించాను.

"పక్కన పిందె ఉన్న మామిడికాయలా ఉందండీ. అచ్చు చెక్కిస్తే చీర అంచుకి బాగుంటది," అందామె. సత్యనారాయణ గారు మాస్కులోంచే పగలబడి నవ్వారు.

మిగిలిన చికిత్స ముగించుకుని ఆమె మళ్లీ అద్దకం బల్ల దగ్గర నిలబడింది. సత్యనారాయణ గారు ఇప్పుడు లేరు. బందరులో ఒక ల్యాబ్ నేను చూసుకుంటున్నాను. అనుమానం వస్తే రెండో స్లైడ్ వేస్తాను. వార్డుకు ఫోన్ చేస్తే, అవతలివాళ్లు బెడ్ నంబరు కోసం ఎంత తొందరపెట్టినా, ఇంటిపేరుతో సహా ఆ మనిషి పేరు పూర్తిగా చెప్పాకే మిగతాది.