సారు లెక్క, నా పెంటకుప్ప

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఇవాళ హుస్నాబాద్‌లో రైతుల మీటింగుకు పోయి ఏడాది నాటి కసి తీర్చుకుని వచ్చాను.

పోయినేడు అక్కడే వ్యవసాయ కాలేజీ సారు బోర్డు మీద ఒక లెక్క వేశాడు. ఎరువులో సూక్ష్మజీవుల రకాలు పెరిగితే తిండికి కొట్లాడుకుంటాయట, పని తగ్గుతుందట, బలమైన ఒక్క రకమే చాలట.

"అన్నీ ఒక్క తిండే తింటయా సారూ? ఒకటి ఇడిసింది ఇంకోటి తింటది గదా" అన్నాను.

"అవ్వా, ఇది గణితం. పెంటకుప్ప ముచ్చట కాదు" అన్నాడు. సభంతా నవ్వింది. తర్వాత ఆయనే మా ఇంటికొచ్చి నా కుప్పలోంచి ఒక సంచి పరీక్షకు పట్టుకుపోయాడు.

ఇవాళ కొత్త లెక్క వేశాడు. రకాలు ఎక్కువుంటే ఒకటి వదిలింది మరొకటి తింటుందట, ఎరువు బాగా మాగుతుందట! నా పేరు మాత్రం ఎత్తలేదు. పైగా నా దగ్గరికొచ్చి ఇంకో సంచెడు ఎరువు అడిగాడు.

"ముందుగాల గా మాట ఎవరన్నరో మైకుల చెప్పు సారూ."

మెల్లగా చెప్పాడు.

"ఇనవడ్తలేదు!"

గట్టిగా చెప్పాడు. ఈసారి జనం ఆయన్ని చూసి నవ్వారు.

"మరి సంచి నింపుకోవడానికి రానా అవ్వా?"

"వచ్చేయేడు రా. ఆలోచన జేస్త."

చెప్పించుకుని కూడా ఇవ్వలేదని కోడలు మూతి ముడుచుకుంది. మీరైతే ఇచ్చేవాళ్లా?